ఇరవై మూడో పేజీ

మా బడికి పుస్తకం ఒక్కటే వచ్చింది.
మద్దూరు మండల ఆఫీసుల సంతకం తీసుకోని
గోనెసంచి అడుగునుంచి తీసి ఇచ్చిండ్రు.
అట్ట చెదలు తిన్నది, కుట్టు సగం ఊడింది.
లోపల అరవై నాలుగు పేజీల కథ,
కరువు ఊర్ల బాయి తవ్విన ముసలమ్మది.

ఆరో తరగతి ముప్పై రెండు మంది.
అప్పటిదాంక చదువుడంటే
ముందు బెంచి ఊర్మిళ గడగడ చదివేది,
ఎనక ముప్పై ఒక్క నోళ్ళు ఎక్కం లెక్క అప్పజెప్పేవి.
కండ్లు మాత్రం కిటికీ అవతల
కందిచేన్ల పిట్టల మీద.

కుట్టు మళ్ళ వేద్దామని సూది తెచ్చిన.
వెయ్యలె.
మిగిలిన దారం గూడ పీకేసిన.
మనిషికొక ఆకు.
"ఎవరి ఆకు వాళ్ళే చదవాలె,
ఎవరు రాకున్నా కథ ఆగుతది" అన్న.

మొదటి వారం లో-ఓల్టేజీ బల్బే.
జంగయ్య ఒత్తులు మింగుతడు.
పొద్దున మసీదుల కుడినుంచి చదివొచ్చిన అఫ్రీన్
ఈడ గూడ కుడికే వేలు పెట్టి
నాలిక కరుచుకుంటది.
తండా సక్రు ఒక్కో అక్షరాన్ని
గడ్డపారతోని పెకిలిస్తడు.
ఇంట్ల లంబాడీ మాట, బడిల మా మాట,
పుస్తకంల ఇంకెవరిదో మాట.
మూడు వాగులు దాటితే వానికొక వాక్యం.

ఒక కట్టుబాటు పెట్టుకున్నం:
బొటనవేలు లేపితేనే మాట అందియ్యాలె.
లేపకుంటే ఎంతసేపైనా ఊకుండాలె.
సక్రు లేపేటోడు కాదు.
పక్కోళ్ళు వంగి చూసిన మాటను
నాలిక కింద రేగ్గింజ లెక్క దాసుకోని కూసునేది.

దసరా పోయినంక తండా ఖాళీ అయింది.
చెరుకు కోతకు రెండు లారీలు.
సక్రు పోయిండు, వాని ఆకుతోని.
మరిచిపోయిండో, కావాలనో.

ఇరవై రెండో పేజీ ఆఖరు:
"తాడు తెగింది. బాయి లోపలినుంచి"
ఇరవై అయిదో పేజీ మొదలు:
"అని నవ్వింది ముసలమ్మ."

నడుమ గుంత.
రోజుకొకరు పూడ్చవట్టిండ్రు.
"బువ్వ తిని వచ్చి తీయండ్రి, తొందరేం లేదు" జంగయ్య.
"పైన ఎండ, ఈడనే సల్లగుంది" ఊర్మిళ.
జూన్ నుంచి నోరు తెరవని మాసయ్య
గోడ దిక్కు చూసుకుంట అన్నడు:
"ఆమె ఏమనలె టీచర్. బాయే అన్నది."
ఆ దినం ఇంక లెక్కలు చెప్పబుద్ధి కాలె.

ఫిబ్రవరిల ఒక శనివారం, మూడో పీరియడ్,
సక్రు నాయిన నంబరునుంచి ఫోను.
"టీచర్, ఏ పేజీకాడ ఉన్నరు?"
"నీకాడనే ఉన్నం."

స్పీకరు పెట్టి ఫోనును డస్టరుకు ఆనిచ్చిన.
అవతల కత్తుల సప్పుడు, ట్రాక్టరు,
ఎవరో ఎవరినో మరాఠీల తిట్టుడు.
వాడు మొదలువెట్టిండు.
అదే గడ్డపార, అదే రాతినేల.
ఒక పక్క అయింది. కాగితం మలిపిన సప్పుడు.
ఇంకో పక్క, దాదాపు కిందిదాంక వచ్చి
"ఊ..."
ఆగిండు.
"ఊ..."

కథ చెప్తుంటే ఊకొట్టాలె గద,
ఎనక బెంచిల ఎవరో "ఊ" అన్నరు.
తర్వాత ఇంకొకరు. తర్వాత అందరు.

బొటనవేలు లేపిండో లేదో కనవడదు.
లేపినా అందిచ్చెటందుకు మాకాడ ఏమున్నది?
ఊర్మిళకు గూడ తెలువదు. నాకు గూడ తెలువదు.
ఆ మాట వాడొక్కనికాడనే ఉన్నది.

ట్రాక్టరు దూరం పోయింది.

"...ట. ఊట.
ఊట తగిలింది. ఇగ తాడెందుకు బిడ్డా"

అఫ్రీన్ లేచి నిలవడ్డది.
తన ఆకును రెండు చేతుల పట్టుకోని
ఎడమనుంచే మొదలువెట్టింది.